చుక్క లేని అంకెలు

కొత్త ప్రింటర్ మా ల్యాబుకి వచ్చింది మార్చి నెలాఖరులో. పాతది కాగితాల్ని నమిలి నమిలి ముద్దచేసి వదిలేది. రెండు వారాలు కౌంటర్ దగ్గర పేషెంట్లతో మాటలు పడ్డాక, ఇక లాభం లేదని కొత్తది తెప్పించారు. తెచ్చినతను డబ్బా విప్పి, వైర్లు తగిలించి, ఒక టెస్ట్ పేజీ తీసి చూపించాడు. "ఏమన్నా ఉంటే ఫోన్ చెయ్యండి మేడం" అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నేను ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

నేను సికింద్రాబాద్‌లో ఒక చిన్న డయాగ్నస్టిక్ సెంటర్లో రిపోర్టులు టైపు చేస్తాను. పదమూడేళ్ళుగా అదే పని. రక్తం తీసేది, మిషన్‌లో పెట్టేది టెక్నీషియన్. అతను ఇచ్చిన అంకెలు నేను కంప్యూటర్లో ఎక్కిస్తాను. మా డాక్టరు మేడం తన గదిలో స్క్రీన్ మీద వాటిని చూసి సరే అంటే నేను ప్రింట్ తీస్తాను. ఆవిడ సంతకం పెడితే కవర్లో పెట్టి కౌంటర్లో ఇస్తాను. అంతే. వినడానికి ఇందులో పొరపాటు జరిగే చోటే కనపడదు.

కొత్త ప్రింటర్ మొదటి రోజే రిపోర్టు కింది భాగాన్ని కోసేసింది. మేడం సంతకం పెట్టాల్సిన గీత సగమే పడింది. సెట్టింగుల్లోకి వెళ్ళి చూస్తే కాగితం సైజు ఏ-ఫోర్ బదులు లెటర్ అని ఉంది. మార్చాను, సరిపోయింది. రెండో తక్లీఫ్ అంత సులువుగా పోలేదు. ఒక్కో పేజీ బయటికి రావడానికి నిమిషం పైనే పట్టేది. పొద్దున పది దాటితే మా కౌంటర్ ముందు నిలబడ్డానికి చోటుండదు. పరగడుపున వచ్చినవాళ్ళు, ఆఫీసులకి పోవాల్సినవాళ్ళు, అందరి కళ్ళూ నా చేతుల మీదే ఉండేవి.

కంప్యూటర్ చెప్పేది ప్రింటర్‌కి అర్థమయ్యేలా మార్చి చెప్పే ప్రోగ్రాంని డ్రైవర్ అంటారు. మాకు పెట్టి వెళ్ళింది అన్ని మోడళ్ళకీ పనికొచ్చే డ్రైవర్ అట. నేను దాన్ని తీసేసి మళ్ళీ పెట్టాను. కేబుల్ మార్చాను. ఆగిపోయిన ప్రింట్ జాబులన్నీ తుడిచేశాను. ఏం చేసినా అదే నత్తనడక. మూడో రోజు మధ్యాహ్నం జనం పల్చబడ్డాక ప్రింటర్ ప్రాపర్టీస్ తెరిచి, ఎప్పుడూ పోని అడ్వాన్స్‌డ్ పేజీలోకి పోయాను. అక్కడ ఒక గడి కనపడింది. కంప్యూటర్‌లోని అక్షరాలు పంపకుండా, ప్రింటర్ తన దగ్గరున్న అక్షరాలే వాడుకోవాలంటే దానికి టిక్కు పెట్టాలి. పెట్టాను. ఒక రిపోర్టు పంపాను. రెప్పపాటులో కాగితం బయటికొచ్చింది.

ఆ కాగితం తీసి పైనుంచి కిందిదాకా చదివాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అది ఒక ఆరోగ్యవంతుడి రిపోర్టని అప్పుడు నాకు తోచలేదు.

అది ఎందుకు ముఖ్యమో చెప్పాలి. మా రిపోర్టులో ఒక పద్ధతి ఉంది. ఉండాల్సిన హద్దుల్లో ఉన్న అంకెలు మామూలుగా పడతాయి. హద్దు దాటినవి లావుగా, నల్లగా పడతాయి, చూసే డాక్టరు కంటికి వెంటనే ఆనాలని. నేను చదివి చూసిన కాగితంలో లావు అంకె ఒక్కటీ లేదు.

ఆ రోజు సాయంత్రం టెక్నీషియన్ నాకు టీ తెచ్చిపెట్టాడు. "నువ్వు ఇంజనీర్‌వి కావాల్సుండే అక్కా" అన్నాడు. నాకూ లోపల కొంచెం గర్వంగానే అనిపించింది.

తర్వాత మూడు వారాలు ఏ గొడవా లేకుండా గడిచాయి. ఇప్పుడు తలుచుకుంటే ఆ ప్రశాంతతే భయపెడుతుంది. ఆ రోజుల్లో ఒక్కసారి, ఒకే ఒక్కసారి నాకు హెచ్చరిక అందింది. కాలేజీకి పోయే ఒక అమ్మాయి రిపోర్టు తీసుకుని, రెండడుగులు వేసి, వెనక్కొచ్చింది.

"మేడం, హిమోగ్లోబిన్ తొంభై ఎనిమిదా, తొమ్మిది పాయింట్ ఎనిమిదా?"

నేను తన చేతిలో కాగితం చూడలేదు. నా ముందున్న స్క్రీన్ చూసి, "తొమ్మిది పాయింట్ ఎనిమిదమ్మా, క్లియర్‌గా ఉంది కదా" అన్నాను. ఆ అమ్మాయి కాగితం వైపోసారి, నా వైపోసారి చూసి వెళ్ళిపోయింది. ఈ కాలం పిల్లలకి రిపోర్టు చదవడం కూడా రాదనుకున్నాను.

*

ఏప్రిల్ మూడో వారంలో ఒకరోజు పొద్దున్నే, ఇంకా తొమ్మిది కాకముందు, ఒక పెద్దావిడ వచ్చింది. నాకు తెలిసిన మనిషే. వాళ్ళాయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. మూడు నెలలకోసారి ఇద్దరూ కలిసి నడుచుకుంటూ వచ్చి షుగర్ పరీక్ష చేయించుకుని వెళ్ళేవాళ్ళు. ఆ రోజు ఆవిడ ఒక్కతే వచ్చింది.

"బిడ్డా, మా ఆయన రిపోర్టు ఇంకోటి తీసియ్యి. సంచిల నీళ్ళ సీసా మూత ఊడి అంత తడిసింది" అంటూ తడిసి ఎండిన కాగితం నా ముందు పెట్టింది.

కాగితం మీది నంబరు కొట్టి ఫైలు తెరిచాను. ఆవిడ కౌంటర్ మీద మోచేతులాన్చి చెప్పుకుపోతోంది. "ఈసారి షుగర్‌తోని థైరాయిడ్ సుత చేయించినం కదా, అది మస్తు ఎక్కువున్నదన్నడు డాక్టరు. గింత పెట్టుకొని ఎట్ల తిరిగినవయ్యా అన్నడు. మాత్ర సుత పెద్దదే రాసిండు."

స్క్రీన్ మీద థైరాయిడ్ దగ్గర 4.8 అని ఉంది. హద్దుకి కొంచెం పైన, అంతే. ఆ వయసులో అంత ఉంటే చాలామంది డాక్టర్లు మాత్రే రాయరు. పదమూడేళ్ళు రిపోర్టులు కొట్టాక ఆ మాత్రం నాకూ తెలుసు.

"ఎంతుందన్నారమ్మా?" అని అడిగాను.

"నలభై ఎనిమిది."

తడిసిన కాగితాన్ని నా వైపు తిప్పుకున్నాను. 48. లావుగా, నల్లగా ఉంది. మధ్యలో చుక్క లేదు. తడికి పోయిందేమో అని వేలితో రుద్దాను. సిరా చెదరలేదు. అక్కడ చుక్క అసలు పడనే లేదు.

ప్రింట్ కొట్టాను. రెప్పపాటులో వచ్చింది కొత్త కాగితం. అందులోనూ 48.

"మాత్ర ఎన్ని రోజుల్నుంచి వేసుకుంటున్నారమ్మా?"

"పదకొండు దినాలు. అదేందో బిడ్డా, నాల్గు దినాల సంది గుండె దడదడ అంటున్నదట. రాత్రి నిద్ర లేదు. ఎండ కదా, ఎండకే అనుకుంటున్నం. ఆయనకు స్టెంటేసి మూడేండ్లయింది, అందుకే జెర భయం."

నేను అప్పుడే చెప్పాల్సింది. ఆవిడ నా ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఉంది. నా నోట్లోంచి వచ్చిన మాట మాత్రం వేరు. "ప్రింటర్ సరిగ్గా రావట్లేదమ్మా. మీరు ఇంటికెళ్ళండి, నేనే పంపిస్తా."

"మెల్లగ పంపు బిడ్డా, తొందరేం లేదు" అని, కౌంటర్ మీది ఫోను నంబర్ల పుస్తకంలో తన నంబరు సరిగ్గా ఉందో లేదో నన్నే చదవమని విని, చీర కొంగు తలమీద కప్పుకుని ఎండలోకి వెళ్ళిపోయింది. ఆవిడ రోడ్డు దాటేదాకా చూస్తూ కూర్చున్నాను.

*

ఆ తర్వాత అరగంట నేను చేసిన పని బయటివాళ్ళు చూస్తే మామూలు రిపేరు పనే అనుకుంటారు. ప్రింట్ ప్రివ్యూ తెరిచాను, చుక్క ఉంది. పీడీఎఫ్ చేసి చూశాను, చుక్క ఉంది. కాగితం మీద లేదు. పాత ఫైళ్ళు తెరిచి, హద్దు దాటిన అంకెలున్నవి ఏరి ఏరి ప్రింట్ తీశాను. మామూలు అంకెల్లో చుక్కలు ఉన్నాయి. పక్కన హద్దులు చూపే అంకెల్లో ఉన్నాయి. లావు అంకెల్లో మాత్రమే లేవు. ప్రింటర్ దగ్గరున్న లావు అక్షరాలు మా కంప్యూటర్ పంపే చుక్కని మింగేస్తున్నాయి. ఎవరికి ఏ జబ్బూ లేదో వాళ్ళ కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఎవరికి ఏదో ఒకటి ఉందో, సరిగ్గా వాళ్ళవే తప్పు.

అడ్వాన్స్‌డ్ పేజీ తెరిచి ఆ టిక్కు తీసేశాను. మళ్ళీ పంపాను. నిమిషం పైన పట్టింది. కాగితం మెల్లగా బయటికొచ్చింది. 4.8. చుక్క ఉంది.

టెక్నీషియన్ నా వెనక ఎప్పుడొచ్చి నిలబడ్డాడో తెలీదు. బల్ల మీద పరిచిన కాగితాలు ఒక్కొక్కటీ చూశాడు.

"గిదేందీ అక్కా. నా మిషన్ల నాలుగు పాయింట్ ఎనిమిదే వచ్చింది. నేను అదే రాసిచ్చిన."

"నీది తప్పు కాదు. నేను పెట్టిన సెట్టింగ్."

అతను కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. "నేను చెప్తున్న, జెర విను. సెట్టింగ్ మార్చినవ్ కదా. ఇప్పటి సంది అన్నీ కరెక్టే వస్తయ్. పాతయి ఎవ్వలడుగుతరు? ఆ పెద్దమ్మకి ఈ కాగితం పంపెయ్. వాళ్ళ డాక్టరే చూసుకుంటడు. మనం నోరిప్పితే ల్యాబ్ మూతపడుతది. నువ్వు, నేను, ఇద్దరం పోతం."

అతను చెడ్డవాడు కాదు. మా అమ్మకి జ్వరమొస్తే ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళిన మనిషి. అతని మాటలు వింటుంటే నాకు కోపం రాలేదు, హాయిగా అనిపించింది. అదే నాకిప్పటికీ సిగ్గు. అతను చెప్పిన దారి నా మనసులో అప్పటికే ఉంది. కొత్త కాగితం కవర్లో పెట్టి, పైన నంబరు కూడా రాశాను.

కవరు మూయబోతూ ఆవిడ మాటే గుర్తుకు తెచ్చుకున్నాను. తొందరేం లేదంది. తొందర లేదని ఆవిడకెలా తెలుసు? ఉందని తెలిసింది నాకొక్కదానికే.

మేడం పదిన్నరకి వచ్చారు. కోస్తా వైపు మనిషి, డెబ్భై దగ్గరపడుతున్నా నడకలో చురుకు తగ్గలేదు. నేను రెండు కాగితాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

"ఏమ్మా, అలా నిలబడిపోయావేంటి? లోపలికి రా."

రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, జరిగింది మొదటి నుంచీ చెప్పాను. టిక్కు సంగతి, పెద్దావిడ వచ్చిన సంగతి, నేను ఏం చెప్పకుండా పంపేసిన సంగతి. మేడం తడిసిన కాగితం తీసి, 48ని, పేజీ అడుగున ఉన్న తన సంతకాన్ని చాలాసేపు చూశారు.

"ఎన్నాళ్ళయింది?"

"మూడు వారాలు దాటింది మేడం."

"ఇవన్నీ నేను సంతకం పెట్టినవేగా." కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "స్క్రీన్ మీద ఒకసారి చూశాను కదా అని కాగితం చదవడం మానేశాను. ఎప్పుడు మానేశానో కూడా గుర్తులేదు. పేజీ అడుగున మాత్రం చూసి గీకేస్తున్నా."

నేను ఏడుస్తాననుకున్నానేమో, ఏడుపు రాలేదు.

"వాళ్ళకి ఫోన్ చెయ్యి" అన్నారు.

చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. మూడోసారీ అంతే.

"ఇల్లు తెలుసా?"

"వీధి తెలుసు."

"అయితే నువ్వే వెళ్ళు. మాత్ర ఆపేయమని చెప్పు. గుండె దడ ఇంకా ఉందంటే ఇంట్లో కూర్చోనివ్వకు, ఆస్పత్రికి తీసుకుపో. అక్కడ డాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పు. దాచావంటే వాళ్ళు ఇంకో జబ్బు వెతుక్కుంటూ కూర్చుంటారు." నేను తలుపు దగ్గరికి వెళ్ళాక వెనకనుంచి మళ్ళీ పిలిచారు. "ఎవరన్నా అడిగితే సంతకం డాక్టరుగారిదని చెప్పు. అబద్ధం కాదు."

*

వర్క్‌షాప్ గోడ వెంబడి ఆటోలో పోతుంటే ఆ గోడ ఎంతకీ తరగలేదు. వీధి మొదట్లో దిగి ఇద్దర్ని అడిగాను. తలుపు తీసే ఉంది. ఆయన ముందుగదిలో ప్లాస్టిక్ కుర్చీలో, బనీనుతో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. ముఖమంతా చెమట. బనీను పైనుంచే గుండె కొట్టుకోవడం కనపడుతోంది. ఒక లెక్కలో కాదు. నాలుగు దెబ్బలు గబగబా, ఒకటి ఆగి, మళ్ళీ గబగబా.

ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. "నువ్వే తెచ్చినవా బిడ్డా? ఫోను లోపల మోగుతున్నట్టుండె, పప్పు మీదుండి చూడలె."

నిలబడే చెప్పాను. "అమ్మా, ఆ రిపోర్టు తప్పు పడింది. నలభై ఎనిమిది కాదు, నాలుగు పాయింట్ ఎనిమిది. మధ్యలో చుక్క పడలేదు. మా ప్రింటర్‌లో నేను చేసిన పొరపాటు."

ఆవిడకి అర్థం కాలేదు. "అంటే రోగం లేనట్టా?"

"అంత లేదమ్మా. ఆ మాత్ర అసలు అవసరమే లేకపోవచ్చు. ఇవాళ వేశారా?"

"పొద్దుగాల వేసిన." ఆవిడ ఆయన వైపు తిరిగింది. "రోజూ నేనే వేస్తున్న. మర్చిపోతడని లేపి మరీ వేస్తున్న."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. గోడకున్న చొక్కా తీసి ఆయనకి తొడిగింది, చిన్నపిల్లాడికి తొడిగినట్టు ఒక్కో చెయ్యీ పట్టుకుని. నేను ఆటో పిలిచాను.

ఆటోలో ఆయన మా ఇద్దరి మధ్య కూర్చున్నాడు. కాసేపటికి తనే మాట్లాడాడు, నా వైపు చూడకుండా, ముందు రోడ్డు చూస్తూ. "వర్క్‌షాప్‌ల ముప్పై నాలుగేండ్లు చక్రాలు కొలిచిన. గేజీ పెట్టి కొలుసుడు నాది. బుక్కుల రాసుడు ఇంకొకాయనది. పొద్దుమూకితే ఆయన రాసింది నేను చదువుతుంటి. నా మీద నమ్మకం లేదా అని ఆయనకు కోపమొస్తుండె."

ఊపిరి అందక ఆగాడు. మాట్లాడొద్దని ఆవిడ చెయ్యి నొక్కింది.

ఆస్పత్రిలో ఈసీజీ తీశారు. ఆ మిషన్‌లోంచి బయటికొస్తున్న కాగితాన్ని నేను నిలబడి చూశాను. గులాబీరంగు గళ్ళ మీద గీతలు దగ్గర దగ్గరగా, ఒక పద్ధతి లేకుండా పడుతున్నాయి. డ్యూటీ డాక్టరు ఆ కాగితం రెండుసార్లు చూసి, ఎవరినో పిలిచి, ఆయన్ని లోపలికి తీసుకుపోయాడు. నేను రెండు రిపోర్టులూ డాక్టరు చేతిలో పెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. అతను తల ఎత్తకుండా విన్నాడు. "ఎన్ని రోజులు వేసుకున్నాడు?" అని మాత్రం అడిగాడు.

ఐదు రోజులున్నాడు ఆస్పత్రిలో. మేడం రోజూ వెళ్ళి చూసొచ్చారు. ఆయన బతికాడు. గుండె వేగం తగ్గింది గానీ ఆ లయ మాత్రం పూర్తిగా కుదురుకోలేదు. రక్తం గడ్డకట్టకుండా ఇక జీవితాంతం మాత్ర వేసుకోవాలన్నారు. థైరాయిడ్ మాత్ర వల్లనే ఇలా అయిందా అని నేను ఆ డాక్టర్ని అడిగాను. "ముందే దెబ్బతిన్న గుండె. మాత్ర వల్ల కావచ్చు. దానివల్లే అని నేను రాసివ్వలేను, కాదని కూడా రాసివ్వలేను" అన్నాడు.

రక్తం పలచబడే మాత్రకి నెలనెలా ఒక పరీక్ష ఉంటుంది. వాళ్ళు ఇంకే ల్యాబుకైనా పోతారనుకున్నాను. మా దగ్గరికే వచ్చారు. ఎందుకని నేను అడగలేదు. ఆవిడ రిపోర్టు తీసుకుని నాకే తిరిగి ఇస్తుంది. "చదువు బిడ్డా" అంటుంది. "రెండు పాయింట్ నాలుగు" అని చదువుతాను. "చుక్క ఏడున్నదో చూపియ్యి" అంటుంది. వేలు పెట్టి చూపిస్తాను. ఆవిడ కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసుకుని, అప్పుడు మడుస్తుంది.

*

మిగతా రిపోర్టుల సంగతి చెప్పలేదు. నేను ఆస్పత్రిలో ఉండగానే మేడం, టెక్నీషియన్ కలిసి ఆ మూడు వారాల ఫైళ్ళన్నీ తీసి, లావు అంకెలున్నవి వేరుచేశారు. మర్నాటి నుంచి ఒక్కొక్కరికీ ఫోన్లు చేశాం. అతనూ చేశాడు. నోరిప్పొద్దన్న మనిషే, "అమ్మా, మా దగ్గర తప్పయింది, మాఫ్ చెయ్యండి" అని ఎన్నోసార్లు చెప్పాడు.

చాలామందికి ఏమీ కాలేదు. వాళ్ళ డాక్టర్లు అంకె చూడగానే మనసులోనే చుక్క పెట్టుకున్నారట. కిడ్నీ పరీక్షలో 1.6 బదులు 16 చూసి ఒక కుటుంబం రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు ఇంకో ల్యాబులో చేయించుకుని ఊపిరి పీల్చుకున్నారు. మాకు ఫోన్ చేసి చెప్పాలని వాళ్ళకి తోచలేదు. సైనిక్‌పురిలో ఒక డాక్టరైతే, మా దగ్గరి నుంచి వచ్చిన ప్రతి కాగితం మీదా పెన్నుతో తనే చుక్క పెడుతున్నాడట. "మీ ప్రింటర్ సరిగ్గా లేదని మొదటి వారమే గమనించాను" అన్నాడు ఫోన్లో, మామూలుగా. "చెప్పలేదేం సార్?" అని అడిగాను. "మీకు తెలిసే ఉంటుందనుకున్నా" అన్నాడు.

ఆ మాట విన్నాక కొంతసేపు ఇంకో నంబరు కొట్టలేకపోయాను. ఎంతమంది చూశారో. ఎంతమంది తమలో తాము సరిదిద్దుకుని ఊరుకున్నారో.

చివరికి ఒక్కరు మిగిలారు. కాప్రా నుంచి వచ్చిన ఒకావిడ, యాభై రెండేళ్ళు. అదే థైరాయిడ్ పరీక్ష. 6.1 బదులు 61 అని వెళ్ళింది. వచ్చింది ఒకే ఒక్కసారి, ఒంటరిగా. నేనే ఫారం రాసి ఉంటాను, కానీ ఎంత తలుచుకున్నా ముఖం గుర్తురాలేదు. అడ్రసు దగ్గర కాప్రా అన్న ఒక్క మాటే ఉంది. జనం ఎక్కువున్న పూట అడ్రసు పూర్తిగా అడగం.

మొదటి రెండు రోజులు ఆ ఫోను మోగి ఆగిపోయింది. మూడో రోజు ఎవరో ఎత్తారు. మగ గొంతు.

నేను ల్యాబు నుంచి అని చెప్పి, ఆవిడ పేరు చెప్పి, ఒకసారి ఇస్తారా అని అడిగాను.

వెనక ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు.

"ఆమె లేదు" అన్నాడు.

"ఎప్పుడొస్తారండీ?"

ఫోను పెట్టేశాడు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. సాయంత్రానికి స్విచాఫ్ అయింది. ఆ తర్వాత ఎప్పుడు చేసినా అంతే. మేడం ఫోన్ నుంచి, టెక్నీషియన్ ఫోన్ నుంచి, అన్నిటి నుంచీ చేసి చూశాం. మెసేజ్ పెట్టాం. అది వాళ్ళకి చేరిన గుర్తు పడలేదు.

ఆ ఆదివారం నేను సరైన రిపోర్టు కవర్లో పెట్టుకుని కాప్రా వెళ్ళాను. చెరువు దగ్గర దిగి, ఒక మందుల షాపులో అడిగాను. ఆ పేరుగల ఆడవాళ్ళు ఈ వీధుల్లో పదిమంది ఉంటారమ్మా, ఇంటిపేరు చెప్పు అన్నాడు షాపతను. ఫారంలో ఇంటిపేరు బదులు ఒక్క అక్షరమే ఉంది. ఇంకో రెండు షాపులు, ఒక క్లినిక్కు, ఒక కూరగాయల బండి. ఎండలో మూడు గంటలు తిరిగాను. ఒక ఇంటి ముందు టెంటు వేసి, కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఆ టెంటు పెళ్ళికో, చావుకో తెలియలేదు. దగ్గరికి వెళ్ళి అడగడానికి నాకు కాళ్ళు రాలేదు. పక్క వీధిలోకి తిరిగి బస్టాపు దాకా నడిచాను.

లేదు అంటే బయటికెళ్ళిందని. పుట్టింటికో, ఊరికో పోయిందని. ఆ మనిషితో ఇప్పుడు మాటల్లేవని. మన భాషలో ఆ ఒక్క మాటకి ఎన్ని అర్థాలైనా ఉంటాయని నాకు నేను చెప్పుకుంటాను. టెక్నీషియన్ కూడా అదే అంటాడు. "పరేషాన్ గాకు అక్కా, ఊరికి పోయుంటది."

ఇప్పుడు మా ల్యాబులో ప్రింట్ మెల్లగా వస్తుంది. ఒక్కో పేజీకీ నిమిషం పైనే. కౌంటర్ ముందు జనం విసుక్కుంటారు, కొందరు గొడవ పెడతారు. నేను కాగితాన్ని స్క్రీన్ పక్కన పెట్టి ఒక్కో అంకె చదువుతాను. నేను చదివాక మేడం చదివి, అప్పుడు సంతకం పెడతారు. నెలకోసారి, ఏదో ఒక పూట, ఆ నంబరు మళ్ళీ కొడతాను. మొన్న చేసినప్పుడు స్విచాఫ్ అని రాలేదు. మోగింది. నాలుగుసార్లు మోగాక ఎవరో ఎత్తారు. నేను హలో అన్నాను. అవతల ఊపిరి వినపడింది గానీ ఎవరూ మాట్లాడలేదు. ఆవిడ పేరు అడగడానికి నేను నోరు తెరిచేలోపే లైను తెగిపోయింది.